తల్లిదండ్రుల ఇన్సూరెన్స్ మీద ప్రెప్ మాత్రలు తీసుకుంటే ఇంట్లో తెలిసిపోతుందా?

ఇర్వింగ్_కుర్రాడు
నా వయసు 22. టెక్సస్‌లో అమ్మానాన్నలతో ఉంటాను. చదువు ఈ మధ్యే పూర్తయింది, ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఇన్సూరెన్స్ నాన్నగారి కంపెనీది. 26 ఏళ్ళు నిండేదాకా అందులో ఉండవచ్చు. నాకు అబ్బాయిలంటే ఇష్టం. ఇంట్లో ఈ సంగతి తెలియదు, ఇప్పట్లో చెప్పే పరిస్థితీ లేదు.

పోయిన నెల ఒక క్లినిక్‌లో నా సొంత డబ్బుతో పరీక్షలు చేయించుకున్నాను. డాక్టర్ ఓపికగా మాట్లాడి, హెచ్‌ఐవి సోకకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్రలు రాస్తానన్నారు. రోజుకు ఒకటి. నాకు అవసరమనే నాకూ అనిపించింది. కానీ ఫార్మసీకి పంపవద్దని నేనే ఆపాను.

మందంటే భయం లేదు. భయమంతా ఇన్సూరెన్స్ కంపెనీ ఇంటికి పంపే ఈఓబీ కాగితం (ఏ వైద్యానికి ఎంత బిల్లయింది, ఎవరెంత కట్టాలి అని చెప్పే వివరాల పత్రం) గురించే. మా ఇంట్లో పోస్టు ఎవరి పేరున వచ్చినా అమ్మే విప్పుతుంది. నాన్నగారు ప్రతి ఈఓబీని ఫైల్లో పెట్టి డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మనమే కట్టుకోవాల్సిన మొత్తం) ఎంత నిండిందో లెక్క చూస్తారు. ఆ కాగితంలో మందు పేరు ఉంటుందా? ఉంటే దారి ఏమిటి? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

మందుల_మాధవి
తమ్ముడూ, నేను న్యూజెర్సీలో ఫార్మసిస్టుని. ఈ భయంతో మందు తీసుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళను కౌంటర్ దగ్గర చూస్తూనే ఉంటాను. 'ఇది మా అమ్మ ఇన్సూరెన్స్‌లో కనిపిస్తుందా?' అని గొంతు తగ్గించి అడుగుతారు. కనిపించే అవకాశం ఉందంటే మళ్ళీ వస్తానని వెళ్తారు. ఆ వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం అరుదు.

ఈఓబీలో సాధారణంగా ఉండేవి ఇవి: నీ పేరు, తేదీ, చూసిన డాక్టర్ లేదా ల్యాబ్ పేరు, వాళ్ళు వేసిన బిల్లు, ఇన్సూరెన్స్ ఇచ్చింది, చివర నువ్వు కట్టాల్సింది. జబ్బు కోడ్‌ను కాగితం మీద వేయని కంపెనీలే ఎక్కువ. క్లెయిమ్‌లో మాత్రం కోడ్ వెళ్తుంది. ప్రెప్ కోసం వచ్చినవాళ్ళకు 2023 అక్టోబర్ నుంచి జెడ్29.81 అనే ప్రత్యేక కోడే ఉంది. కాగితం కన్నా జాగ్రత్తపడాల్సింది ఆన్‌లైన్ పోర్టల్‌తో. మందుల క్లెయిమ్‌లు అక్కడ మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులకు అన్న వివరాలతో సహా కనిపించవచ్చు. 18 దాటిన పిల్లల వివరాలను తల్లిదండ్రులకు చూపించని పోర్టల్‌లు ఉన్నాయి, చూపించేవీ ఉన్నాయి.

ఇంకో చిక్కు ఉంది. ఎమ్‌ట్రిసిటబిన్, టెనోఫోవిర్ కలిసిన ఈ మాత్రనే హెచ్‌ఐవి ఉన్నవాళ్ళకు చికిత్సలో మరో మందుతో కలిపి ఇస్తారు. ఆ పేరు చూసి మీ నాన్నగారు ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కంటపడేది హెచ్‌ఐవి చికిత్స. జబ్బు రాకుండా వేసుకునే మందును చూసి, కొడుక్కి జబ్బు వచ్చిందనుకుని ఇల్లంతా కుప్పకూలుతుంది.

ఇర్వింగ్_కుర్రాడు
సరిగ్గా అదే భయం అక్కా. ప్రెప్‌కు మన జేబులోంచి ఏమీ కట్టనక్కర్లేదని ఎక్కడో చదివాను. కట్టేదే లేనప్పుడు ఈఓబీ కూడా రాదేమో అనుకున్నాను.

మందుల_మాధవి
చాలాసార్లు వస్తుంది. కట్టాల్సిన చోట సున్నా అని రాసి వస్తుంది. అమెరికా నివారణ సేవల నిపుణుల బృందం 2019లో ప్రెప్‌కు 'ఏ' గ్రేడ్ ఇచ్చింది. దాంతో 2021 నుంచి చాలా ప్లాన్‌లు రోగి దగ్గర పైసా తీసుకోకుండా ఇవ్వాల్సి వచ్చింది. మాత్రతో పాటు దానికి అవసరమైన డాక్టర్ విజిట్లు, రక్తపరీక్షలు కూడా ఉచితమేనని అదే ఏడాది స్పష్టం చేశారు. ఈ ఏర్పాటు మీద నడిచిన కేసులో 2025 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. ఖర్చు అడ్డం ఇలా తొలగిపోయింది. కాగితం అడ్డం మాత్రం అలాగే ఉంది.

వెన్నెల24
ఇది అబ్బాయిల సమస్యే అనుకోకండి. నాకు 24. నా స్నేహితుడికి పుట్టుకతోనే హెచ్‌ఐవి ఉంది. అతను క్రమంగా మందులు వేసుకుంటాడు, వైరస్ పరీక్షకు అందనంత తక్కువకు దిగింది. అలా ఉన్నవాళ్ళ నుంచి శృంగారం ద్వారా సోకదని డాక్టర్ చెప్పారు. అయినా మొదటి రోజుల్లో నా మనశ్శాంతి కోసం ప్రెప్ మొదలుపెట్టాను.

ఈఓబీ గురించి నేను ముందే జాగ్రత్త పడ్డాను. దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలింది. ఫార్మసీలో మా కుటుంబం ఖాతా నేను స్కూల్లో ఉన్నప్పుడు తెరిచింది. అందులో ఫోన్ నంబర్ అమ్మది. మీ అమ్మాయి మందు సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకోండి అని అమ్మకు సందేశం వెళ్ళింది. మందు పేరు లేదు కాబట్టి ఏదో చెప్పి బయటపడ్డాను. ఆ వారం నేను సరిగ్గా అన్నం తినలేదు. తమ్ముడూ, అన్నిటికన్నా ముందు ఫార్మసీలో నీ పేరు మీద ఉన్న ఫోన్ నంబర్, ఈమెయిల్, చిరునామా సరిచూసుకో.

ఎస్‌ఆర్‌కే_ఆల్ఫరెట్టా
నేను ఇద్దరు పిల్లల తండ్రిని. పెద్దవాడికి 21. ఇదంతా చదువుతుంటే మనసుకు కష్టంగా ఉంది. ప్రీమియం కట్టేది మేము. కాగితం వచ్చేది మా పేరున. పిల్లవాడు ఏ మందు వాడుతున్నాడో తండ్రికి తెలియకూడదని ఇంతమంది కలిసి ఉపాయాలు చెప్పడం నాకు సరిగా అనిపించడం లేదు. మేము శత్రువులం కాము. ఈ మందుకు మూత్రపిండాల పరీక్షలు అవసరమని విన్నాను. రేపు ఏదైనా అయితే ఆస్పత్రికి పరిగెత్తాల్సింది మేమే కదా?

వెన్నెల24
అంకుల్, మీరు శత్రువులని ఎవరూ అనలేదు. మీకు తెలిస్తే బాధపడతారనే పిల్లలు దాస్తారు. తెలిస్తే ఇంట్లోంచి పంపేస్తారేమోనన్న భయంతో దాచేవాళ్ళూ ఉన్నారు. ఆ భయం నిజమా కాదా అని పరీక్షించడానికి ఎవరూ తన నెత్తి మీద కప్పును పణంగా పెట్టరు. దాచలేకపోతే వాళ్ళు మీకు చెప్పరు, మందే మానేస్తారు. ఈ కుర్రాడు చేసింది అదే.

డాక్టర్_అరవింద
అంటువ్యాధుల విభాగంలో పనిచేస్తున్నాను. శ్రీరామ్ గారి ప్రశ్న న్యాయమైనది కాబట్టి జవాబు ఇస్తాను. (పేరు మీ ప్రొఫైల్‌లో చూశాను, అలా పిలవవచ్చనుకుంటాను.)

మూత్రపిండాల పరీక్ష నిజమే. క్రియాటినిన్ అనే రక్తపరీక్షతో చూస్తాం. మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత వయసును, ఆరోగ్యాన్ని బట్టి ఆరు నెలలకో ఏడాదికో. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళలో ఇబ్బంది రావడం చాలా తక్కువ. వచ్చినా మందు ఆపితే సాధారణంగా సర్దుకుంటుంది. మాత్రలు వాడినంత కాలం మూడు నెలలకోసారి హెచ్‌ఐవి పరీక్ష, అవసరాన్ని బట్టి ఇతర సుఖవ్యాధుల పరీక్షలు ఉంటాయి. అంటే ప్రెప్ వేసుకునే కుర్రాడు ఏడాదికి నాలుగుసార్లు వైద్యుల కంటపడతాడు. వేసుకోని కుర్రాడు జబ్బు ముదిరేదాకా ఎవరి కంటా పడకపోవచ్చు. చెప్పినట్టు వేసుకుంటే శృంగారం ద్వారా హెచ్‌ఐవి సోకే ముప్పు దాదాపు 99 శాతం తగ్గుతుంది.

ఇక దాచడం గురించి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2017లో ఒక విశ్లేషణ ప్రచురించింది. లైంగిక అనుభవం ఉన్న 15–17 ఏళ్ళవాళ్ళను, తల్లిదండ్రుల ఇన్సూరెన్స్‌లో ఉన్న 18–25 ఏళ్ళవాళ్ళను కలిపి చూస్తే 12.7 శాతం మంది, అమ్మానాన్నలకు తెలుస్తుందన్న భయంతో లైంగిక ఆరోగ్య సేవలకు వెళ్ళబోమన్నారు. 15–17 వయసులో అది 22.6 శాతం. వీళ్ళు మంచి తల్లిదండ్రులున్న మామూలు పిల్లలే అయి ఉంటారు. మంచి ఇల్లయినంత మాత్రాన ఈ భయం పోదు. మన ఇళ్ళలో పెళ్ళికి ముందు శృంగారమన్న మాటే ఎత్తం. అలాంటప్పుడు కొడుకు ఏ మందు వాడుతున్నాడో కాగితం చెప్పేసే ఏర్పాటు వల్ల తండ్రికి సమాచారం అందదు. కొడుక్కి మందు అందకుండా పోతుంది, అంతే.

ఎస్‌ఆర్‌కే_ఆల్ఫరెట్టా
డాక్టర్ గారూ, ఓపికగా చెప్పినందుకు ధన్యవాదాలు. తెలుసుకోవాలన్న కోరిక తండ్రికి పోదు, అది మీరు కూడా ఒప్పుకోవాలి. అయితే కాగితం ద్వారా తెలియడం కన్నా వాడే వచ్చి చెప్పడం మేలని మాత్రం నేనూ అంటాను.

బెనిఫిట్స్_భాస్కర్
కాలిఫోర్నియాలో ఒక కంపెనీకి ఉద్యోగుల ఇన్సూరెన్స్ వ్యవహారాలు చూస్తాను. చట్టం సంగతి చెప్తాను, ఇది అందరికీ పనికొస్తుంది.

దేశమంతటికీ వర్తించే వైద్య గోప్యత చట్టం హిపా నిబంధనల్లో రెండు తలుపులు ఉన్నాయి. మొదటిది డాక్టర్, క్లినిక్, ఫార్మసీల వైపు. నాకు ఫోన్ ఈ నంబర్‌కే చేయండి, ఉత్తరం ఈ చిరునామాకే పంపండి అని మీరు అడిగితే, సమంజసమైన కోరికను వాళ్ళు మన్నించాలి, కారణం చెప్పమని పట్టుబట్టకూడదు. ఇన్సూరెన్స్ కంపెనీని కూడా అలాగే అడగవచ్చు. కాకపోతే ఈ సమాచారం బయటపడితే నాకు ప్రమాదం అని మీరు రాసి ఇవ్వాలని వాళ్ళు షరతు పెట్టవచ్చు. రాసిస్తే వేరే చిరునామాకు పంపక తప్పదు.

రెండో తలుపు: సేవకు పూర్తి డబ్బు మీరే కట్టి, ఇన్సూరెన్స్‌కు చెప్పవద్దని కోరితే క్లినిక్ గానీ ఫార్మసీ గానీ ఆ మాటకు కట్టుబడాలి.

మా రాష్ట్రంలో ఇంకా గట్టి చట్టం ఉంది. 2015 నుంచి ఒకటి అమల్లో ఉండగా, 2022 జూలై నుంచి దాన్ని మరింత బిగించారు. లైంగిక ఆరోగ్యం లాంటి సున్నితమైన సేవల ఉత్తరాలు పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్ళకు కాక, ఆ సేవ పొందిన వ్యక్తికే వెళ్ళాలి. ఫోనులోనో ఆన్‌లైన్‌లోనో అడిగితే ఏడు రోజుల్లో, పోస్టులో అడిగితే పద్నాలుగు రోజుల్లో అమలు చేయాలి. మసాచుసెట్స్, ఒరెగాన్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లోనూ ఇలాంటి రక్షణలు ఉన్నాయి.

మనవాళ్ళు తప్పక గమనించాల్సిన మెలిక ఒకటుంది. పెద్ద కంపెనీలు చాలావరకు ఉద్యోగుల వైద్యఖర్చును తామే భరిస్తాయి. కార్డు మీద కనిపించే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలు మాత్రమే చూస్తుంది. ఇలాంటి ప్లాన్‌లను సెల్ఫ్ ఫండెడ్ అంటారు. వీటిని రాష్ట్రాల ఇన్సూరెన్స్ చట్టాలు సాధారణంగా తాకలేవు. మన అమ్మానాన్నలు పనిచేసే పెద్ద ఐటీ కంపెనీల్లో చాలా ప్లాన్‌లు ఇలాంటివే. రాష్ట్రంలో మంచి చట్టం ఉంది కదా అని నిశ్చింతగా ఉండకుండా, కార్డు వెనకున్న నంబర్‌కు ఫోన్ చేసి ప్లాన్ ఏ రకమో అడగండి. హిపా మాత్రం ఇలాంటి పెద్ద కంపెనీల ప్లాన్‌లను కూడా వదలదు.

ఇర్వింగ్_కుర్రాడు
భాస్కర్ గారూ, నాన్నగారిది పెద్ద కంపెనీయే. ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోన్ చేస్తే, నేను ఫోన్ చేసినట్టు నాన్నగారికి తెలుస్తుందా? వేరే చిరునామా ఎవరిది ఇవ్వాలి?

బెనిఫిట్స్_భాస్కర్
మీరు పెద్దవారు, మీ ఫైలు గురించి మీరే మాట్లాడతారు. ఆ కాల్ గురించి నాన్నగారికి ఉత్తరం పంపవద్దని అదే కాల్‌లో చెప్పండి. 'కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్' ఫారం కావాలని అడగండి. వాళ్ళ వెబ్‌సైట్‌లోనూ దొరుకుతుంది. చిరునామాగా నమ్మకమైన స్నేహితుడి ఇల్లు గానీ, అద్దెకు తీసుకున్న పోస్టుబాక్స్ గానీ ఇవ్వవచ్చు. మీకు సొంత లాగిన్ తెరుచుకుని, పోర్టల్‌లో ఇతర కుటుంబ సభ్యులు ఏం చూడగలరో కూడా అప్పుడే అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది క్రమం. ముందు ఫారం అమల్లోకి వచ్చినట్టు రాతపూర్వకంగా తెలియాలి, ఆ తర్వాతే మొదటి క్లెయిమ్ వెళ్ళాలి. వెళ్ళిన ఈఓబీని వెనక్కి రప్పించలేం. ఇంకో మాట: కుటుంబం డిడక్టిబుల్ మొత్తం లెక్కలో మార్పులుంటే అవి నాన్నగారికి కనిపిస్తాయి. ప్రెప్ సేవకు మీ వాటా సున్నా కాబట్టి దానివల్ల ఆ లెక్క కదలకూడదు. కానీ ల్యాబ్ వాళ్ళు కోడ్ తప్పు వేసి బిల్లు పంపిన ఉదాహరణలు చాలా చూశాను. ఆ పొరపాటును ఫోన్ చేసి దిద్దించుకోవాల్సింది మీరే.

మందుల_మాధవి
ఇదంతా తలకెక్కకపోతే సులువైన దారి ఉంది. ట్రువాడా అనే అసలు మందు 2012లో ప్రెప్‌కు అనుమతి పొందింది. దాని జనరిక్‌లు 2020 చివరి నుంచి వచ్చాయి, ఇప్పుడు చవక. అవి తయారుచేసేవాళ్ళలో మన హైదరాబాద్ కంపెనీ అరబిందో కూడా ఉంది. డిస్కౌంట్ కూపన్‌తో నెలకు సరిపడా మాత్రలు చాలా ఫార్మసీల్లో నలభై డాలర్ల లోపే దొరుకుతాయి. ఇన్సూరెన్స్ అవసరమే లేదు.

ఒక్క జాగ్రత్త. ఫార్మసీ కంప్యూటర్‌లో మీ ఇన్సూరెన్స్ ముందే ఎక్కి ఉంటే ప్రిస్క్రిప్షన్ రాగానే అది తనంతట తానే క్లెయిమ్ వేసేస్తుంది. అందుకే కుటుంబం ఎప్పుడూ వెళ్ళని ఫార్మసీకి పంపమని డాక్టర్‌ను అడుగు. అక్కడ మందు కట్టకముందే ఇన్సూరెన్స్‌కు బిల్లు వేయవద్దని చెప్పు. డాక్టర్ విజిట్లకు, పరీక్షలకు టైటిల్ టెన్ నిధులతో (కుటుంబ నియంత్రణ, లైంగిక ఆరోగ్య సేవలకు ప్రభుత్వం ఇచ్చేవి) నడిచే క్లినిక్‌లు ఉన్నాయి. ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు. ఆదాయం లేని నీలాంటివాళ్ళకు చాలా తక్కువ పడుతుంది, ఒక్కోసారి ఏమీ పడదు.

వెన్నెల24
విశ్వవిద్యాలయంలో చదువుతున్నవాళ్ళు స్టూడెంట్ ప్లాన్ సంగతి కూడా చూడండి. అందులో పాలసీ మీ పేరునే ఉంటుంది, ఉత్తరాలు మీకే వస్తాయి. నేను ఎంఎస్ చేసినన్నాళ్ళూ అలాగే గడిచింది.

శ్రీలత_ఎడిసన్
నేను హెచ్4 మీద ఉన్నాను, మావారు హెచ్1బీ. మా అమ్మాయి ఇలాంటి మందు వాడితే మావారి కంపెనీకి తెలుస్తుందా? గ్రీన్‌కార్డుకు అడ్డం వస్తుందా? మా ఇళ్ళలో పిల్లలు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలన్నా ఈ భయమే ముందు వస్తుంది. అడగడానికి సిగ్గుపడి ఊరుకునేవాళ్ళు ఎందరో, అందుకే అడుగుతున్నాను.

బెనిఫిట్స్_భాస్కర్
శ్రీలత గారూ, అడిగి మంచిపని చేశారు. కంపెనీ భరించే ప్లాన్ అయినా సరే, ఉద్యోగ నిర్ణయాలు తీసుకునేవాళ్ళు ప్లాన్‌లోని వ్యక్తుల వైద్య వివరాలను అందుకు వాడకూడదని హిపా గట్టిగా చెప్తుంది. ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారన్న జాబితా మీవారి పైఅధికారి బల్ల మీదకు వస్తుందన్న భయం పెట్టుకోకండి.

గ్రీన్‌కార్డు విషయం ఇంకా తేలిక. హెచ్‌ఐవి ఉన్నవాళ్ళను దేశంలోకి రానివ్వకూడదన్న నిబంధనను 2010 జనవరిలోనే ఎత్తేశారు. జబ్బు ఉన్నా అది అడ్డం కాదు. ఇక జబ్బు రాకుండా వేసుకునే మాత్ర అడ్డమయ్యే ప్రశ్నే లేదు.

ఇర్వింగ్_కుర్రాడు
ఇంట్లో మాత్రల సీసా దాచడం కూడా కష్టమే. ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ వచ్చిందని విన్నాను. నాలాంటివాళ్ళకు అదే మంచిది కదా?

డాక్టర్_అరవింద
వైద్యపరంగా చూస్తే నీలాంటివాళ్ళ కోసమే చేసినట్టుంటుంది. రెండు నెలలకోసారి ఇచ్చే కాబోటెగ్రావిర్‌కు 2021 డిసెంబర్‌లో, ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకాపవిర్‌కు 2025 జూన్‌లో అనుమతి వచ్చింది. సీసా లేదు, రోజూ గుర్తుపెట్టుకోవడం లేదు, ఎవరి కంటా పడదు.

నాకు బాధ కలిగించేది ఇక్కడే ఉంది. లెనకాపవిర్ ప్రకటిత ధర ఏడాదికి 28,000 డాలర్లు దాటింది. దాన్ని సొంత డబ్బుతో ఎవరు కొనగలరు? ఇన్సూరెన్స్ ద్వారానే రావాలి. వచ్చిందంటే ముందస్తు అనుమతి ఉత్తరాలు, పెద్ద పెద్ద అంకెలతో క్లెయిమ్‌లు. ఇంట్లో గుట్టుగా ఉండాల్సినవాళ్ళకు అన్నిటికన్నా అనుకూలమైన మందు, కాగితాల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికన్నా ఎక్కువ బయటపెట్టే మందు అయింది. మన కళ్ళముందే మందు ఉండి, అందవలసినవాళ్ళకు అందకపోవడం నాకు మింగుడుపడదు. నీ విషయంలో భాస్కర్ గారు చెప్పిన ఫారం అమలయ్యాక ఇంజెక్షన్ గురించి ఆలోచిద్దువుగాని. అప్పటిదాకా మాత్ర ఏమాత్రం తక్కువది కాదు.

కూకట్‌పల్లి_కిరణ్
హైదరాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో కౌన్సెలర్‌ని. ఇక్కడి పరిస్థితి వేరు. బయటి నుంచి కొనే రోజువారీ మందులకు మన ఆరోగ్య బీమాలు చాలావరకు డబ్బు ఇవ్వవు, అందుకే ఇన్సూరెన్స్ కాగితం సమస్య ఇక్కడ అంతగా లేదు. ఎవరి డబ్బుతో వాళ్ళు కొనుక్కోవడమే. నాకో నమ్మకం ఉంది. లెనకాపవిర్ జనరిక్ తయారీకి 2024లో లైసెన్సు పొందిన ఆరు కంపెనీల్లో హెటెరో, డాక్టర్ రెడ్డీస్ రెండూ మన ఊరివే. 2027 నుంచి పేద దేశాలకు మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇస్తామని ప్రకటించారు. ఇక్కడ తయారయ్యే సూది ఇక్కడి కుర్రవాళ్ళకు కూడా త్వరగా అందాలని కోరుకుంటున్నాను.

2017 నాటి మన హెచ్‌ఐవి చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. ఒకరి హెచ్‌ఐవి స్థితిని వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని అది చెప్తుంది. చట్టం ఉన్నా మందుల షాపులో పదిమంది ముందు గట్టిగా పేరు చదివేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది మారాలి.

ఎస్‌ఆర్‌కే_ఆల్ఫరెట్టా
భాస్కర్ గారూ, ఒక ప్రశ్న. నా వైపు నుంచే మా వాడి ఈఓబీలు నాకు రాకుండా, వాడికే వెళ్ళేలా చేయవచ్చా? ఏ మందు అని నేను అడగను. వాడికి 21 వచ్చింది. వాడి డాక్టర్ వ్యవహారం వాడే చూసుకోవడం అలవాటు కావాలి.

బెనిఫిట్స్_భాస్కర్
అభ్యర్థన అబ్బాయి పేరున వెళ్ళాలి శ్రీరామ్ గారూ. మీరు చేయగలిగింది వాడికి ఈ ఫారం ఉందని చెప్పడం. 'నీకు 18 దాటింది, నీ ఉత్తరాలు నీకే వచ్చేలా పెట్టుకో, నాకేమీ అభ్యంతరం లేదు' అని మీ నోటితో ఒక్కమాట అంటే చాలు. కాగితం లేని ఈఓబీలు ఎంచుకుని, పోర్టల్‌లో అబ్బాయి పేజీ తెరవకుండా ఉండటం మీ చేతిలో ఉన్నదే.

ఇర్వింగ్_కుర్రాడు
అందరికీ ధన్యవాదాలు. ఈరోజు క్లినిక్‌కు ఫోన్ చేశాను. కొత్త ఫార్మసీకి పంపుతామన్నారు, ఇన్సూరెన్స్ వద్దని ప్రిస్క్రిప్షన్ మీదే రాస్తామన్నారు. కొన్ని నెలలు సొంత డబ్బుతో జనరిక్ వాడతాను. ట్యూషన్లు చెప్పి సంపాదించింది కొంత ఉంది. ఫారం కూడా దింపుకున్నాను. మందు రేపు చేతికి వస్తే రేపే మొదలుపెట్టవచ్చా?

డాక్టర్_అరవింద
ఆగు. నీ హెచ్‌ఐవి పరీక్ష పోయిన నెలది. మొదలుపెట్టే ముందు వారం రోజుల లోపు చేసిన పరీక్ష కావాలి. తెలియకుండా ఇప్పటికే సోకి ఉంటే ఈ మాత్ర ఒక్కటే చాలదు, వైరస్ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. రేపు క్లినిక్‌లో రక్తం ఇచ్చి, ఫలితం చూసుకుని వేసుకో. రోజూ వేసుకుంటే అబ్బాయిల మధ్య సంబంధంలో పూర్తి రక్షణకు సుమారు ఏడు రోజులు పడుతుంది. అమ్మాయిలకు 21 రోజులు, వెన్నెల లాంటివాళ్ళు గుర్తుంచుకోవాలి. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి.

ఇంకొకటి అడగాలి. గడిచిన మూడు రోజుల్లో రక్షణ లేని సంబంధం ఏదైనా జరిగిందా? జరిగి ఉంటే అది వేరే మందు, 28 రోజులు వాడాలి, 72 గంటలలోపే మొదలుపెట్టాలి. ఇక్కడ రాయనక్కర్లేదు. క్లినిక్ వాళ్ళకు ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పు.

ఇర్వింగ్_కుర్రాడు
లేదు డాక్టర్ గారూ. రేపు ఉదయం తొమ్మిదింటికి రక్తపరీక్షకు సమయం ఇచ్చారు. వెళ్తున్నాను.